డోరీన్ ఖాళీ వదిలిన గడి

డోరీన్ హాకెట్‌కు ఎనిమిదే వేళ్లు. ఎడమచేతి చిటికెనవేలూ ఉంగరపు వేలూ ఆమె ఇరవై నాలుగో ఏట మా కబేళాలోనే, ఎముకలు కోసే రంపం కింద పోయాయి. పెళ్లి ఉంగరం కూడా వాటితోపాటే పోయింది. మూడేళ్ల తర్వాత మొగుడూ పోయాడు గానీ, దానికి రంపం కారణం కాదు. తాగొచ్చి చెయ్యెత్తిన మనిషిని కత్తులు నూరుకునే సానకడ్డీ తీసుకుని మోకాలి మీద ఒక్కటిచ్చింది. అతగాడు కుంటుకుంటూ టౌన్స్‌విల్ బస్సెక్కాడు, మళ్లీ మా కూరింగా ఊళ్లో కనపడలేదు.

నా పేరు గస్ ప్రెంటిస్. ఇరవై ఏడేళ్లుగా ఇక్కడి బోనింగ్ గదిలో ఎముక నుంచి మాంసం వేరుచేస్తున్నాను. అందులో సగం కాలం యూనియన్ ప్రతినిధిని కూడా. డోరీన్ కథ చెప్పే హక్కు నాకెక్కడిదని ఎవరైనా అడిగితే, ఆమె చేసిన తప్పులో నాకు సమాన వాటా ఉంది. అంతకంటే గొప్ప హక్కేమీ లేదు.

వేళ్లు పోయాక ఆమె కత్తి పట్టలేకపోయింది. కబేళా వాళ్లు ప్రథమ చికిత్స గదిలో కూర్చోబెట్టారు. మెల్లగా, నేను పనిలో చేరిన ఏడాదికి, భద్రతాధికారి అయింది. మాకు ఎంత రక్తం కారినా అది ఆమె చేతుల మీదుగానే కారింది. తొడలో కత్తి దిగినవాడు, ఎద్దు తంతే దవడ విరిగినవాడు, మరుగుతున్న నీళ్ల తొట్టిలో మోచేతిదాకా మునిగినవాడు, అందరికీ ఒకటే దీవెన. "చావకు రా సన్నాసీ! నువ్వు చస్తే నేను పదకొండు పేజీలు నింపాలి." గాయాన్ని గట్టిగా అదిమి పట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా బూతులు తిడుతూనే ఉండేది. ఆ బూతులు వింటూ బతికినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు.

తర్వాత ఫారం నింపేది. అందులో 'ప్రమాద సమయంలో చెయిన్ వేగం' అని ఒక గడి ఉంటుంది. చెయిన్ అంటే మా తల మీదుగా, రెండుగా చీల్చిన పశువుల సగాలను కొక్కేలకు తగిలించి లాక్కొచ్చేది. దాని వేగమే మా బతుకు. గంటకు తొంభై పశువులు వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. నూటపది వస్తే పక్కవాడి మోచెయ్యి మన కత్తికి ఎక్కడ అడ్డం వస్తుందో చూసుకునే వ్యవధి ఉండదు. చెయిన్ మామూలుగా నడిచిన రోజున దెబ్బ తగిలితే డోరీన్ ఆ గడిలో 'సాధారణం' అని రాసేది. వేగం పెంచిన రోజున తగిలితే గడి ఖాళీగా వదిలేసేది.

ఆ ఖాళీ నాకు చెప్పేది. ప్రతినిధిగా కింద సంతకం పెట్టేది నేనే కదా. ఖాళీ చూసి ఒక్క మాట మాట్లాడకుండా సంతకం పెట్టి, ఫోర్‌మన్ పక్కన వెళ్లి నిలబడి చెయిన్ వైపు చూసేవాణ్ణి. అతను వేగం తగ్గించేవాడు. పది రోజులు హాయి. దెబ్బ తిన్నవాణ్ణి ఎవరూ ఉద్యోగంలోంచి తీసేవాళ్లు కాదు. ఫారంలో కారణం దగ్గర మాత్రం ప్రతిసారీ ఒకటే ముక్క: 'కార్మికుడి అజాగ్రత్త.' ఆమెకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న పెర్సీ అనే ముసలాయన నేర్పిన పద్ధతి అది. కంపెనీకి కావలసిన మాట కంపెనీకి, మాకు కావలసిన వేగం మాకు. తెలివైన ఏర్పాటని మేమంతా మురిసిపోయేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఏడాదిన్నర కిందట మేనేజర్ గ్రాంట్ ఒక కాగితం పట్టుకుని డోరీన్ గదికి వచ్చాడు. కాగితం మీద మూడు నిలువు వరసలు. ఏఐ ఒంటరిగా చెయ్యదగ్గ పనులు, ఏఐ చేశాక మనిషి సరిచూడాల్సినవి, మనిషే చెయ్యాల్సినవి. ప్రతి విభాగమూ తన పనులన్నీ ఏ వరసలోకి వస్తాయో తేల్చి బ్రిస్బేన్‌లోని కంపెనీ పెద్దాఫీసుకు పంపాలట.

"నీ పనులు నీకంటే బాగా ఎవరికి తెలుస్తాయి డోరీ? నువ్వే తేల్చు" అన్నాడు గ్రాంట్.

"నన్ను ఏ వరసలో పెట్టమంటావు?" అంది ఆమె.

గ్రాంట్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. కానీ పని మాత్రం శ్రద్ధగానే చేసింది. ఏఐ అనగానే నేను చిరాకుపడితే నన్ను కసురుకుంది కూడా. "పిక్నిక్ నోటీసు నేను రాస్తే ఏంటి, అది రాస్తే ఏంటి? నేను పనికొచ్చే చోట ఉండనివ్వు నన్ను" అంది. ప్రతి పని పక్కనా పెన్సిలుతో ఒక ప్రశ్న రాసుకుంది: ఇది తప్పయితే ఎవరి చెయ్యి తెగుతుంది? షిఫ్టుల పట్టిక తప్పయితే చేతులు తెగవు, తిట్లు పడతాయి, అంతే. అది మొదటి వరస. కత్తుల వాడకం మీద వేరే భాషల్లో నోటీసులు తప్పయితే తెగుతాయి. అవి రెండో వరస. కొత్తవాడి చేతిలో మొదటిసారి కత్తి పెట్టి నేర్పడం మూడో వరస.

నోటీసులు సరిచూడటానికి వనువాటు దీవుల నుంచి వచ్చిన కల్సాంగ్‌ను పిలిచేది. ఇరవై ఆరేళ్లవాడు, రెండేళ్ల ఒప్పందం మీద వచ్చాడు. మా గదిలో కత్తి పట్టినవాళ్లలో వాడిది మంచి చెయ్యి. ఎముక చుట్టూ వాడి కత్తి తిరిగితే చూడముచ్చటగా ఉండేది. తుపానుకు కప్పు లేచిపోయిన ఇంటిని మళ్లీ కట్టుకోవాలని వచ్చాడు. మొదటి నోటీసు చదివి పడీపడీ నవ్వాడు.

"ఆంటీ, ఇది మా పాస్టరుగారు పెళ్లిలో మాట్లాడినట్టుంది. కత్తిని ప్రేమతో స్వీకరించండి అంటోంది!"

"అయితే నువ్వు చెప్పు, మీ వాళ్లకి ఎలా చెబితే బుర్రకెక్కుద్దో."

"కత్తి కింద పడితే పట్టుకోవద్దు, పడనివ్వు. అంతే ఆంటీ. ఇంత పొడుగెందుకు?"

డోరీన్ అదే రాయించింది. ఇద్దరికీ ఆనాటి నుంచి జత కుదిరింది.

వరసలు తేల్చేటప్పుడు ప్రమాదాల ఫారం దగ్గరికి వచ్చేసరికి ఆమె పెన్సిలు కాసేపు ఆగింది. నేను అక్కడే ఉన్నాను, టీ తాగుతూ. "చెయ్యి అప్పటికే తెగిపోయి ఉంటుంది కదా గస్. ఫారం కొత్తగా ఎవరిది తెగ్గొడుతుంది?" అని రెండో వరసలో వేసింది. నేనూ తలూపాను. నా బుర్రకు అంతకంటే తట్టలేదు.

మొదటి మూడు నెలలూ కరువు వల్ల పశువులు తక్కువ వచ్చాయి. చెయిన్ బద్ధకంగా నడిచింది. చిన్న గాట్లు నాలుగు. డోరీన్ జరిగింది చెప్పేది, ఆ ఏఐ యంత్రం పాత ఫారాలు చూసుకుని అదే ధోరణిలో నిమిషంలో మొత్తం రాసిచ్చేది. ఆమె ఒకసారి చదివి సంతకం పెట్టేది. మిగిలిన సమయమంతా మా మధ్య తిరుగుతూ, గ్లవుజు బిగించుకోనివాడి వీపు మీద చరుస్తూ ఉండేది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరిలో వానలు పడి రోడ్లు తెరుచుకున్నాయి. లారీల మీద లారీలు పశువులు దిగాయి. చెయిన్ నూటపదికి ఎక్కింది, మధ్యాహ్నానికి నూటపద్దెనిమిది. కత్తి చప్పుడు, కొవ్వు వాసన, బూట్ల కింద రక్తం జారుడు. నా పక్కన కల్సాంగ్ ఒక సగాన్ని కోసి ముగించేలోపే ఇంకోటి వచ్చి దానికి గుద్దుకుంది. మొదటిది గిర్రున తిరిగింది. దాని కొక్కెం వాడి ఎడమచేతి ఇనపజాలీ గ్లవుజులో పడింది.

జాలీ తెగదు. కత్తికి తెగకూడదనే కదా దాన్ని తయారుచేసింది. చెయిన్ వాడి చెయ్యి పట్టుకుని పైకి లేపింది. మునివేళ్ల మీద నాలుగడుగులు నడిచాడు, తర్వాత కాళ్లు నేల వదిలేశాయి. ఆపే తాడు అవతలి గోడ దగ్గర ఉంది. నేను కత్తి పారేసి పరుగెత్తాను, జారి పడ్డాను, మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి తాడు లాగాను. అప్పటికి చెయిన్ మలుపు తిరిగింది. మలుపు దగ్గర ఇనపదిమ్మెకూ కొక్కేనికీ మధ్య వాడి చెయ్యి నలిగింది. కల్సాంగ్ అరుపు ఆగిపోయింది. అరుపు కంటే అది ఆగిపోవడానికే నాకు భయమేసింది.

గ్లవుజు విప్పితే మూడు వేళ్లు అందులోనే ఉండిపోయాయి. బొటనవేలు తోలు మీద వేలాడుతోంది. రక్తం డోరీన్ మొహం మీదికి చిమ్మింది. తన ఎనిమిది వేళ్లతో వాడి మణికట్టు పట్టుకుని, మోకాలు వాడి మోచేతి మీద మోపి, "నా కళ్లలోకి చూడు! పైకప్పు వైపు కాదు రా, నా కళ్లలోకి! కళ్లు మూశావంటే పళ్లు రాలగొడతా" అని అరిచింది. వాడు చూశాడు. తెగిన వేళ్లను శుభ్రమైన గుడ్డలో చుట్టి, సంచీలో వేసి, ఐసు మీద పెట్టి పంపింది. ఆసుపత్రివాళ్లు బొటనవేలు నిలబెట్టారు. మిగిలిన మూడూ అతకలేదు.

రక్తం బట్టలతోనే ఆమె కూర్చుని జరిగింది యంత్రానికి చెప్పింది. వేగం సంగతి ఎత్తలేదు. ఇన్నేళ్ల అలవాటు, గడి ఖాళీ ఉంటుందనే అనుకుంది. ఫారం వచ్చింది. పైపైన చదివింది, మొహం మీది రక్తం తుడుచుకుంటూ సంతకం పెట్టింది. నేను టీ విరామంలో మాంసం కూరిన రొట్టె ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో సంతకం పెట్టాను. గడి వైపు చూడలేదు. ఖాళీ అని నాకు ముందే తెలుసుగా! అలా అనుకున్నాను, ఎద్దుమొహంవాణ్ణి.

ఇదివరకు ఆ కాగితం మా గేటు దాటేది కాదు. ఇప్పుడు నేరుగా బ్రిస్బేన్ పోతుంది. నాలుగు వారాలకు కల్సాంగ్‌కు ఉత్తరం వచ్చింది. చెయిన్ సాధారణ వేగంలో ఉండగా, గ్లవుజు సరిగా బిగించుకోకుండా, అజాగ్రత్తగా పనిచేసి భద్రతా నియమాలు ఉల్లంఘించాడట. ఒప్పందం రద్దు. నెలాఖరు విమానానికి టికెట్టు కూడా జత చేశారు. బొటనవేలు కదలాలంటే రెండో ఆపరేషన్ కావాలి, దానికి ఇంకా ఆరు వారాలుంది. ఇక్కడినుంచి పంపేస్తే ఆ ఆపరేషన్ జరగదు. ఆ చెయ్యి జీవితాంతం కట్టెపుల్లే.

కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని డోరీన్ గదికి వచ్చాడు. ఉత్తరం బల్ల మీద పెట్టాడు.

"ఆంటీ, నేను రెండుసార్లు లాగి చూసుకున్నాను గ్లవుజు. రోజూ చూసుకుంటాను. మీరే నేర్పారుగా." కట్టు వైపు చూసుకున్నాడు. "కానీ మీరు రాశారంటే... నాకు గుర్తులేదేమో. నేను నిజంగా అజాగ్రత్తగా ఉన్నానా ఆంటీ?"

అంత నమ్మకంతో అడిగాడు. కొట్టినా బాగుండేది.

డోరీన్ ఫారం తీసి చూసింది. గడిలో 'సాధారణం' అని ఉంది. యంత్రాన్ని అడిగింది, ఈ మాట నేను చెప్పలేదు, ఎక్కణ్నుంచి తెచ్చావని. అది మర్యాదగా జవాబిచ్చింది. మీరు వేగం చెప్పలేదు, పాత ఫారాల్లో ఆ గడి నింపిన ప్రతిచోటా 'సాధారణం' అనే ఉంది, మీరు ఖాళీగా ఉంచిన అరవై ఒకటి పొరపాటున వదిలేసినవి అనుకున్నాను, 'అజాగ్రత్త', 'గ్లవుజు వదులుగా' అన్న మాటలు కూడా మీ పాత ఫారాల నుంచే తీసుకున్నాను, తప్పయితే క్షమించండి అని.

ఆమె నన్ను పిలిపించింది. తెర మీద పాత ఫారాలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతోంది. చిట్టచివర అన్నిటికంటే పాతది. పెర్సీ చేతిరాత. డోరీన్ హాకెట్, రెండు వేళ్లు, కారణం అజాగ్రత్త, వేగం ఖాళీ.

"ఆ రోజు రంపం ఎంత స్పీడులో పెట్టారో నాకు గుర్తుంది గస్. ముప్పై అయిదేళ్లు... నాది అజాగ్రత్త కాదని నాకు తెలుసు. తెలిసీ అరవై ఒక్కమందికి అదే రాశాను." కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టింది. కాలు ఊడి నా భుజానికి తగిలింది. "ఈ యంత్రం నాలాగే రాసింది. అచ్చం నాలాగే. ఒక్క గడిలోనే తేడా."

గ్రాంట్ దగ్గరికి వెళ్తే అతను మూడు వరసల కాగితం తీసి ముందు పెట్టాడు. "రెండో వరసలో పెట్టింది నువ్వు. సరిచూశానని సంతకం పెట్టింది నువ్వు. ఇప్పుడు కాదంటే ఎలా? వేగం నూటపద్దెనిమిది అని ఏ కాగితం మీద ఉందో చూపించు."

కాగితం మీద ఎక్కడా లేదు. ఉండకుండా జాగ్రత్తపడింది మేమే.

"గస్ దగ్గరుంది" అంది డోరీన్.

నిజమే. మా బోనర్లకు రోజుకు ఎన్ని పశువులు కోశామో సొంత పుస్తకంలో గీసుకునే అలవాటు. ఎన్ని గంటల్లో ఎన్ని అని. నావి ఇరవై ఏడేళ్ల పుస్తకాలు గరాజులో బిస్కెట్ డబ్బాల్లో ఉన్నాయి. వాటిని డోరీన్ ఫారాల తేదీలతో కలిపితే అరవై ఒక్క రోజుల వేగమూ బయటపడుతుంది. దాంతోపాటు డోరీన్ అబద్ధాలు రాసిందనీ, నేను సంతకాలు పెట్టాననీ కూడా. గ్రాంట్ మొహం పాలిపోయింది. "నీ ఉద్యోగం పోతుంది. కేసు కూడా పడొచ్చు. రిటైర్మెంటుకు ఏడాది లేదు నీకు" అన్నాడు. బెదిరింపుగా కాదు, జాలిగానే అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

రెండు రోజులు కూర్చుని తేదీలు కలిపాం. నా పుస్తకాల నకళ్లు డోరీన్ ప్రభుత్వ తనిఖీ అధికారికి పంపేసింది. పంపి ఊరుకోవచ్చు. డోరీన్ ఊరుకునే మనిషి కాదు. "నా మీద రాసిన అబద్ధం నాకెవడూ మొహం మీద చెప్పలేదు. నేను చెబుతాను" అంది.

ఉదయం టీ విరామంలో బోనింగ్ గదికి వచ్చింది. అందరి నడుములకూ కత్తులున్నాయి. బల్ల ఎక్కి కాగితం విప్పింది. "మీ ఒంటి మీద దెబ్బ తగిలినప్పుడు నేను అజాగ్రత్త అని రాశాను. అది అబద్ధం. పేర్లు చదువుతాను. ఎవరేం చేసుకుంటారో చేసుకోండి" అంది. చదవడం మొదలుపెట్టింది. పేరు, తేదీ, తెగింది ఏమిటి, ఆ రోజు చెయిన్ ఎంత. మొదట ఎవరో నవ్వారు. పదో పేరు దగ్గర నవ్వు ఆగింది. చనిపోయినవాళ్ల పేర్లు కూడా వచ్చాయి.

పంతొమ్మిదో పేరు కెవ్ డ్రిస్కల్. భుజం నరం తెగి, మళ్లీ కత్తి ఎత్తలేక, పద్నాలుగేళ్లుగా మా గది నేలను గొట్టంతో కడుగుతున్నాడు. తన అజాగ్రత్త వల్లే బతుకు పాడైందని పెళ్లానికీ పిల్లలకీ చెప్పుకున్నవాడు. "నూటపన్నెండు" అని డోరీన్ చదవగానే పక్కవాడి నడుం నుంచి సానకడ్డీ లాగి విసిరాడు. మూరెడు ఇనుము. అది ఆమె కనుబొమ మీద తగిలిన చప్పుడు గది చివరిదాకా వినిపించింది.

డోరీన్ బల్ల మీదే మోకాళ్ల మీద కూలబడింది. రక్తం కంట్లోకి, నోట్లోకి, కాగితం మీదికి. ఇద్దరు కెవ్‌ను పట్టుకోబోయారు. "వదలండి వాణ్ణి!" అని అరిచింది. మూడు వేళ్ల చేత్తో కన్ను తుడుచుకుని, ఇంకో కన్నుతో ఇరవయ్యో పేరు చదివింది.

నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. "ఈ కాగితాల మీద నా సంతకం కూడా ఉంది" అన్నాను. కెవ్ చుట్టూ ఉన్నవాళ్లను తోసుకుని వచ్చి నా దవడ మీద గుద్దాడు. రెండు పళ్లు ఊడాయి. లేచి నిలబడ్డాను. ఇంకోటి గుద్దాడు. మళ్లీ లేచాను. మూడోసారి రెండో చెయ్యెత్తి, ఆ పాడైన భుజం సహకరించక, అక్కడే బల్లకు ఆనుకుని ఏడ్చాడు. డోరీన్ అరవై ఒక్కటీ చదివింది. తర్వాత అరవై రెండోది కూడా చదివింది, కల్సాంగ్‌ది. ఆ రోజు ఎవరూ కత్తి పట్టలేదు. చెయిన్ మీద సగాలు వేలాడుతూ ఉండిపోయాయి.

తనిఖీ అధికారి మర్నాడే దిగాడు. కల్సాంగ్ టికెట్టు రద్దయింది. ఆపరేషన్ అయింది, బొటనవేలు కదులుతోంది. ఇప్పుడు వాడు కొత్తవాళ్లకు కత్తి పట్టడం నేర్పుతున్నాడు, మాటలతో. డోరీన్‌ను తీసేశారు. కేసు ఇంకా నడుస్తోంది, నామీద కూడా.

వెళ్లేముందు ఆమె చేసిన ఆఖరి పని ఒకటుంది. తలకు ఏడు కుట్లు పడిన ఆ మధ్యాహ్నమే గదికి వచ్చింది. కబేళాలో మనిషికి దెబ్బ తగిలింది కాబట్టి ఫారం ఉండాలి. గ్రాంట్ కంగారుగా, "యంత్రం రాస్తుందిలే డోరీ, నువ్వు ఇంటికెళ్లు. కెవ్ పేరుంటే పోలీసులొస్తారు" అన్నాడు. కెవ్ గుమ్మం బయట గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇలాంటి చోట ఆమె ఏం చేస్తుందో మా అందరికీ తెలుసు. ఖాళీ వదిలేస్తుంది.

డోరీన్ యంత్రాన్ని కట్టేసి, పెన్ను తీసుకుని, ప్రతి గడీ నింపింది. కొట్టినవాడి పేరు కెవ్ డ్రిస్కల్ అని రాసింది. కారణం దగ్గర, 'నేను ఇతని మీద రాసిన అబద్ధం' అని రాసింది. దెబ్బ తిన్న మనిషిగా ఫిర్యాదు లేదని రాసి సంతకం పెట్టింది. నాకిచ్చింది. ఈసారి నేను రొట్టె తినడం లేదు. ప్రతి అక్షరం చదివి సంతకం పెట్టాను.

వేగం గడిలో 'ఆగి ఉంది' అని రాసింది.